అప్‌డేట్: నీలం సంజీవరెడ్డి జీవితచరిత్ర ఎక్కడి నుంచి మొదలుపెట్టాలన్న ప్రశ్నకు

రెండు నెలల కిందట అడిగాను కదా, పుస్తకాన్ని 1913లో ఇల్లూరులో పుట్టుకతో మొదలుపెట్టాలా, 1969 రాష్ట్రపతి ఎన్నికల్లో వి.వి. గిరి చేతిలో ఓటమితోనా అని. మీలో ఎక్కువమంది ఓటమి అన్నారు. రెండుసార్లు రాసి చింపేశాను. అది ఢిల్లీ కథ, అనంతపురంలో కూర్చుని రాస్తే నా గొంతు పలకలేదు.

దారి చూపింది కర్నూల్లో ఒక రిటైర్డ్ బస్సు కండక్టరు. టీ గ్లాసు పక్కన పెట్టి, టేబుల్ మీద వేలితో రూట్లు గీస్తూ, "ఈ బస్సుల వల్లే గదప్పా సీఎం కుర్చీ దిగింది" అన్నాడు. పెద్దాయన కోతలనుకున్నా. తీర్పు తెప్పించి చదివితే నిజమే. కర్నూలు జిల్లా బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు వ్యాఖ్యల తర్వాతే 1964లో సంజీవరెడ్డి ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. మొదటి అధ్యాయం అక్కడే!

1977 నంద్యాల గెలుపు (రాష్ట్రంలో 42 సీట్లకు జనతా పార్టీకి దక్కింది అదొక్కటే), అదే ఏడాది ఏకగ్రీవంగా రాష్ట్రపతి కావడం చివరి భాగంలో వస్తాయి.

టెన్షన్ ఒక్కటే. మాట్లాడిన గంటన్నరలో నలభై నిమిషాలు ఫోన్‌లో రికార్డే కాలేదు. ఆదివారం మళ్లీ కర్నూలు పోవాలి.