ఈమెయిల్‌కి తాళం స్క్రిప్ట్ వెయ్యాలా, మనిషి వెయ్యాలా?

కృష్ణలంక:
విజయవాడలో ఒక ఆడిటర్ ఆఫీసుకి కంప్యూటర్ల పని చూస్తాను. క్లయింట్లకి రోజూ రిటర్నుల కాపీలు, పాన్ వివరాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు మెయిల్లో వెళ్తాయి. ఇకమీదట అన్నిటినీ జీపీజీ అనే ప్రోగ్రామ్ కమాండ్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే క్లయింట్ తప్ప ఇంకెవరూ చదవలేకుండా తాళం వేసి పంపేలా, క్రాన్‌లో (టైముకి దానంతటదే నడిపించే ఏర్పాటు) స్క్రిప్ట్ పెడదామనుకుంటున్నా. మా సీనియర్ గారు వద్దంటున్నారు. రహస్యమైనదాని మీద మనిషి కన్ను ఉండాలట, ఒక్కో మెయిల్ చూసి చేత్తోనే చెయ్యాలట. సాయంత్రం 7 దాటాక అలసిపోయిన మనిషి 30 మెయిళ్లలో ఒకటి మర్చిపోడా? మీరేమంటారు?

పాతసర్వర్:
మీ మాటే నిజం. 1999లో అమెరికాలో పీజీపీ 5.0 (జీపీజీ లాంటిదే, దానికంటే ముందొచ్చిన ప్రోగ్రామ్) ఇచ్చి 12 మందిని పరీక్షించారు, ఒక్కొక్కరికి 90 నిమిషాలు. రహస్యంగా పంపాల్సిన సంగతిని ముగ్గురు పొరపాటున మామూలు మెయిల్లోనే పంపేశారు. మెయిల్ వాడటం బాగా తెలిసినవాళ్లే వాళ్లంతా.

సర్వర్ దొంగ చేతిలో పడితే పంపిన మెయిళ్ల తాళాలు కూడా తెరుచుకుంటాయన్న భయం అక్కర్లేదు. ఎన్‌క్రిప్ట్ చెయ్యడానికి క్లయింట్ పబ్లిక్ కీ, అంటే ఆయన అందరికీ ఇచ్చే కీ, చాలు. గుడి హుండీలో డబ్బులు ఎవరైనా వేస్తారు, తియ్యాలంటే మాత్రం తాళంచెవి ఉన్నవాళ్లు రావాలి. ఆ తాళంచెవి క్లయింట్ దగ్గరే ఉంటుంది, మీ సర్వర్ మీద కాదు.

లాగ్‌ఫైల్:
నేను సీనియర్ గారి పక్షం. అచ్చం ఇలాంటి స్క్రిప్టే రాశాను గనక చెప్తున్నా. ఒక చిన్న కంపెనీకి పే స్లిప్పులు పంపేది. ఏ కారణంచేతనైనా జీపీజీ ఫెయిలైతే జీతం స్లిప్పు ఆగిపోకూడదని చివర్లో ఒక లైను చేర్చాను: కుదరకపోతే మామూలుగా పంపెయ్ అని. ఒకాయన కీకి గడువు తీరింది. జీపీజీ 'స్కిప్డ్: అన్‌యూజబుల్ పబ్లిక్ కీ' (ఈ కీ పనికిరాదు, వదిలేశాను) అని లాగ్‌లో రాసి ఆగిపోయింది. నా స్క్రిప్ట్ ఆగలేదు. మూడు నెలల పాటు ఆయన జీతం, బ్యాంకు అకౌంటు నంబరు బాహాటంగా వెళ్లాయి. ఆ లాగ్ తెరిచిన రోజు నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. చేత్తో పంపే మనిషి ఉండుంటే మొదటి నెలే ఎర్రర్ చూసి నాకు ఫోన్ చేసేవాడు.

పాతసర్వర్:
మీ బాధ అర్థమైంది. కానీ ముంచింది ఆ చివరి లైను. జీపీజీ ముగిసేటప్పుడు ఇచ్చే ఎగ్జిట్ కోడ్ సున్నా (అంటే పని సరిగ్గా అయింది) కాకపోతే మెయిల్ కదలకూడదు, అంతే.

తాళంచెవి:
అసలు ఆ కీ ఎవరిదో ఇంతవరకు ఎవరూ అడగలేదు. బ్యాచ్ మోడ్‌లో, అంటే మనిషి లేకుండా స్క్రిప్టే నడిపేటప్పుడు, జీపీజీ మనల్ని ఏమీ అడగదు, నమ్మకం ధ్రువపడని కీ అయితే పని ఆపేస్తుంది. దాంతో చాలామంది 'ట్రస్ట్ మోడల్ ఆల్వేస్' (ఏ కీనైనా నమ్మెయ్) అని పెట్టి కూర్చుంటారు. పబ్లిక్ కీలు అందరికీ దొరికేలా ఉంచే పాత కీ సర్వర్లలో ఎవరి మెయిల్ అడ్రస్‌తోనైనా ఎవరైనా కీ పెట్టగలిగేవారు. అలాంటి దొంగ కీ మీ స్క్రిప్ట్‌లో పడితే, మీ క్లయింటు బ్యాంకు లెక్కలకి దొంగవాడి తాళమే వేసి పంపుతారు. కాబట్టి మొదటిసారి మాత్రం మనిషే చూడాలి: క్లయింట్‌కి ఫోన్ చేసి, ఆ కీని గుర్తుపట్టే 40 అక్షరాల ఫింగర్‌ప్రింట్ నాలుగేసి చొప్పున చదివించుకోండి. స్క్రిప్ట్‌లో మెయిల్ అడ్రస్ బదులు ఆ ఫింగర్‌ప్రింటే రాయండి.

ఇంకొకటి, సబ్జెక్ట్ లైను. ఈ పద్ధతిలో దానికి తాళం పడదు. 'ఐటీ నోటీసు, 18 లక్షల బాకీ' అని అక్కడ రాస్తే లోపల ఎంత గట్టి తాళం వేసి ఏం లాభం?

కృష్ణలంక:
సబ్జెక్ట్ సంగతి నాకు తట్టనే లేదండీ. ఇప్పుడే తీసేసి నెల, ఫైల్ నంబరు మాత్రం ఉంచాను. గడువు తీరిన కీ ఒకటి కావాలనే పెట్టి చూశాను, మెయిల్ ఆగింది, నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది.

లాగ్‌ఫైల్:
మంచిదే. మరి జులై 31 రాత్రి 11 గంటలకి ఒక క్లయింట్ రిటర్న్ అలా ఆగితే? అలాంటి ఒత్తిడిలోనే నేను ఆ లైను రాశాను.

కృష్ణలంక:
ఆగనివ్వండి. ఆ రాత్రి మెయిల్ అవసరమైతే క్లయింట్‌నే ఆఫీసుకి పిలిచి కాగితం చేతికిస్తాం. ఇదే సీనియర్ గారికి చెప్పాను. స్క్రిప్ట్‌కి ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు గానీ, ఫింగర్‌ప్రింట్ ఫోన్లు మాత్రం తనే చేస్తానన్నారు. రేపు పొద్దున మొదటి నలుగురికి.