డీజిల్ ఎస్‌యూవీకి కొత్త బ్యాటరీ: మామూలుది చాలా, ఈఎఫ్‌బీ (సిగ్నళ్ల దగ్గర ఆగి మళ్లీ స్టార్ట్ అయ్యే బండ్ల కోసం బలపరిచిన రకం) కావాలా?

నిజాంపేట నివాసి:
అందరికీ నమస్కారం. మాది 2019లో కొన్న ఏడు సీట్ల డీజిల్ ఎస్‌యూవీ. మూడు రోజుల క్రితం అమ్మను కంటి పరీక్షకు తీసుకెళ్దామని సెల్లార్‌లోకి దిగి బటన్ నొక్కితే, టక్ టక్ మన్న చప్పుడు తప్ప ఇంజన్ తిరగలేదు. పక్క ఫ్లాట్ వారి కారు నుంచి కేబుళ్లు వేసుకుని ఎలాగో స్టార్ట్ చేశాం. ఈ బ్యాటరీ 2023 మార్చిలో వేయించినది, అప్పుడే ఇలా అయిందంటే బాధగా ఉంది. రోజూ హైటెక్ సిటీ దాకా ట్రాఫిక్‌లో, నెలకోసారి వరంగల్ దాకా నడుస్తుంది. ఒక దుకాణంలో 74 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే కరెంటు నిల్వ సామర్థ్యం) మామూలు బ్యాటరీ చాలన్నారు, మరొక చోట ఇంకా పెద్దది వేసుకోమన్నారు. పిల్లలతో, అమ్మతో ప్రయాణించే బండి కాబట్టి ఈసారి పొరపాటు జరగకూడదనుకుంటున్నాను. ఏది తీసుకోమంటారు?

రాణిగంజ్ ఎలక్ట్రీషియన్:
కొనే ముందు ఒక మాట చెప్పండి సార్. మీ బండి సిగ్నల్ దగ్గర దానంతట అదే ఆగి, క్లచ్ నొక్కగానే మళ్లీ స్టార్ట్ అయ్యే రకమా? అలాగైతే కంపెనీ నుంచి వచ్చిన మొదటి బ్యాటరీ ఏ రకమో తెలియాలి, యజమాని పుస్తకంలో రాసి ఉంటుంది. రెండోది, రాత్రంతా ఆపి ఉంచిన బండికి ఉదయం బానెట్ తెరిచి మీటర్ పెట్టి చూడండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2కు దిగితే సగమే ఉన్నట్టు. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతే ఆ బ్యాటరీ పని దాదాపు అయిపోయినట్టే.

నిజాంపేట నివాసి:
అవునండి, ఆ సౌకర్యం ఉంది. అయితే ఏడాదిగా సిగ్నళ్ల దగ్గర ఇంజన్ ఆగడం మానేసింది, ఏసీ వల్లనేమో అనుకుని వదిలేశాను. పుస్తకంలో ఈఎఫ్‌బీ అని ఉంది. ఇప్పుడున్న బ్యాటరీ మీద ఆ మాట ఎక్కడా లేదు. ఈ ఉదయం 12.1 వోల్టులు చూపించింది, సెల్ఫ్ కొట్టినప్పుడు 8.9కి పడింది.

రాణిగంజ్ ఎలక్ట్రీషియన్:
అసలు కారణం అక్కడే దొరికింది. మామూలు బ్యాటరీ ఒకసారి పెద్ద కరెంటు ఇచ్చి, ఆ తర్వాత నిండుగా ఉండటానికి తయారైనది. రోజుకు ఇరవై ముప్ఫై సార్లు కొంత ఖాళీ అవుతూ నిండుతూ ఉంటే లోపలి ప్లేట్ల మీది పదార్థం రాలిపోతుంది. ఈఎఫ్‌బీలో ఆ పదార్థాన్ని పట్టి ఉంచే పలుచని వల లాంటి పొర ఉంటుంది, అందుకే అది ఈ పనికి ఓర్చుకుంటుంది. దానికి మన ఎండ తోడవుతుంది: వేడి పది డిగ్రీలు పెరిగితే లోపలి తుప్పు దాదాపు రెట్టింపు వేగంతో పడుతుందని మా వృత్తిలో లెక్క, మే నెలలో సాయంత్రం ట్రాఫిక్‌లో బానెట్ కింద ఎంత వేడి ఉంటుందో మీకు తెలియనిది కాదు. ఈఎఫ్‌బీ కోసం తయారైన బండికి మామూలుది వేయడం నా దృష్టిలో డబ్బు వృథా చేసుకోవడమే. ఖరీదైన ఏజీఎం (ఆమ్లాన్ని గాజు పీచు పొరల్లో పీల్చి ఉంచే రకం) కూడా మీకు అక్కర్లేదు, ఇంజన్ పక్కన ఉండే వేడి దానికి అంతగా పడదు.

పెద్దది వేస్తే డైనమో పాడవుతుందన్నది అపోహ. ట్రేలో సరిగ్గా కూర్చోకపోవడమే ఇబ్బంది. పాత ఏహెచ్‌నే ఉంచుకుని, సీసీఏ (చలిలో స్టార్ట్ చేయడానికి ఇవ్వగల కరెంటు) అంకె మొదటి బ్యాటరీ కంటే తగ్గకుండా చూసుకోండి. ఆ అంకెను మైనస్ 18 డిగ్రీల దగ్గర కొలుస్తారు. మనకు ఆ చలి లేకపోయినా, డీజిల్ ఇంజన్‌ను దాని కంప్రెషన్‌కు ఎదురుగా తిప్పాలంటే ఆ బలం కావాలి.

ఉప్పల్ డ్రైవర్:
కొలతల సంగతి నేను చెబుతాను. డీఐఎన్ (జర్మన్ కొలతల) రకంలో టెర్మినళ్లు పైభాగం కంటే లోపలికి దిగి ఉంటాయి, అడుగు అంచును క్లాంపు పట్టుకుంటుంది. జపాన్ రకంలో అవి పైకి పొడుచుకు వస్తాయి. కొత్తదాన్ని పాతదాని పక్కనే అదే దిశలో పెట్టించి, ప్లస్ ఒకే వైపు ఉందో లేదో మీరే కళ్లారా చూడండి. తిరగబడితే కేబుల్ అందదు, లాగి పొరపాటున తారుమారుగా బిగిస్తే డైనమోలోని డయోడ్లు కాలిపోతాయి. తయారీ నెల చూడటం కూడా మరవకండి, ఆరు నెలలు షెల్ఫ్‌లో పడి ఉన్నదైతే నేను తీసుకోను. వారంటీలో పూర్తిగా మార్చి ఇచ్చే నెలలెన్ని, ధరలో కొంత తగ్గించి ఇచ్చే నెలలెన్ని అన్నది విడివిడిగా అడిగి బిల్లు మీద రాయించుకోండి.

రాణిగంజ్ ఎలక్ట్రీషియన్:
ఒకటి మిగిలింది. మీ బండికి మైనస్ టెర్మినల్ మీద చిన్న నల్లటి సెన్సర్ ఉండే అవకాశం ఉంది, దాన్ని సుత్తితో కొట్టనివ్వకండి. విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు ముందు ప్లస్. కొన్ని మోడళ్లలో కొత్త బ్యాటరీ వేసినట్టు స్కానర్‌తో నమోదు చేయాలి, బిగించే వారిని ముందే అడగండి. తర్వాత ఇంజన్ నడుస్తుండగా హెడ్‌లైట్లు వేసి కొలిస్తే మామూలుగా 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య రావాలి. రాకపోతే కొత్త బ్యాటరీని తప్పుపట్టకుండా డైనమోను చూపించండి.

నిజాంపేట నివాసి:
నిన్న సాయంత్రం 74 ఏహెచ్ ఈఎఫ్‌బీ వేయించాను, మామూలుదానికంటే సుమారు రెండు వేలు ఎక్కువైంది. పాతది అక్కడే ఇచ్చేస్తే బిల్లులో తగ్గించారు. బిగించాక 14.2 వోల్టులు చూపించింది. ఈ ఉదయం జేఎన్‌టీయూ సిగ్నల్ దగ్గర ఏడాది తర్వాత ఇంజన్ తనంతట తాను ఆగి, క్లచ్ నొక్కగానే లేచింది. మీ ఇద్దరికీ మనఃపూర్వక ధన్యవాదాలు.