పళ్ళెం తోటలో జేడ్ కుళ్ళిపోతోంది, ఫిటోనియా వాడిపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న (మియాపూర్ నుంచి)

మాది మూడో అంతస్తు, తూర్పు బాల్కనీ. అమ్మ వాడిన పాత పింగాణీ బేసిన్ ఒకటుంది, అడ్డం 12 అంగుళాలు, లోతు 3 అంగుళాలే. అందులో చిన్న తోట పెట్టాను. అడుగున గులకరాళ్ళు, వాటి మీద బొగ్గు ముక్కలు, ఆపైన నర్సరీ మట్టి వేసి, ఒక జేడ్, ఒక హవోర్తియా (రెండూ దళసరి ఆకుల మొక్కలు), రెండు ఫిటోనియాలు (ఈనెలు రంగుగా కనిపించే పల్చటి ఆకుల మొక్క) నాటి, మధ్యలో మట్టి బావి, ఎడ్లబండి బొమ్మ పెట్టాను. నెలన్నర ఎంత ముద్దుగా ఉందో! తర్వాత ఫిటోనియా సాయంత్రానికల్లా తల వాల్చేస్తుంటే రోజూ అర గ్లాసు నీళ్ళు పోశాను, పోసిన కాసేపటికి లేచేది కూడా. ఇప్పుడేమో జేడ్ ఆకులు ముట్టుకుంటే రాలుతున్నాయి, కాండం మొదలు నల్లగా మెత్తబడింది. బేసిన్‌కి కన్నం లేదు, అమ్మది కాబట్టి పెట్టాలంటే మనసు రావట్లేదు. కానీ గులకరాళ్ళు వేశాను కదా, నీళ్ళు కిందికి దిగిపోవాలి కదండీ?

జవాబు 1

దిగవండీ, చాలామంది తోటలు పోయేది ఇక్కడే. గిన్నెలు తోమే కొత్త స్పాంజిని నీళ్ళలో ముంచి అడ్డంగా పట్టుకోండి, కారడం ఆగాక నిలువుగా తిప్పండి, మళ్ళీ నీళ్ళు కారతాయి. మట్టి కూడా అంతే. అడుగున కొంత మందం తడి పట్టుకునే ఉంటుంది, ఆ మందం మట్టి రకాన్ని బట్టి ఉంటుంది తప్ప కుండీ లోతును బట్టి కాదు. లోతు కుండీలో వేళ్ళు చాలావరకు ఆ తడికి పైన ఉంటాయి, మీ బేసిన్‌లో మొత్తం వేళ్ళన్నీ దాంట్లోనే. రాళ్ళు వేస్తే ఆ తడి పొర ఇంకాస్త పైకి జరుగుతుంది, అంతే. బొగ్గు కూడా కుళ్ళును ఆపలేదు.

అసలు తప్పు జోడీలో ఉంది. జేడ్, హవోర్తియా దక్షిణాఫ్రికా మొక్కలు, ఆకులోనే నీళ్ళు దాచుకుంటాయి. ఫిటోనియాది దక్షిణ అమెరికా అడవి నేల, దానికి ఎప్పుడూ చెమ్మ కావాలి. దాన్ని బతికించడానికి పోసిన నీళ్ళే జేడ్‌ని చంపాయి.

కన్నం పెట్టొద్దు. మొక్కల్ని విడివిడిగా, అడుగున కన్నాలుండే చిన్న ప్లాస్టిక్ నర్సరీ కప్పుల్లో నాటి, కప్పుల్ని బేసిన్‌లో దించి, సందుల్లో గులకరాళ్ళు నింపి అంచులు కప్పేయండి. నీళ్ళు పోయాలంటే కప్పు బయటికి తీసి పోసి, పూర్తిగా కారాకే లోపల పెట్టండి. ఫిటోనియాలకి వేరే కుండీ, నీడ.

జవాబు 2 (కాకినాడ నుంచి)

పైన చెప్పింది నిజం. జేడ్, హవోర్తియాలకి మట్టి విషయం నేను చెప్తా: ఒక వంతు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), రెండు వంతులు జల్లించి కడిగిన ముతక ఇసుక గానీ పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) గానీ. సముద్రపు ఇసుక వద్దే వద్దు, ఉప్పు ఉంటుంది. చీపురుపుల్ల అడుగుదాకా గుచ్చి తీయండి, మట్టి అంటుకొస్తే ఆ రోజు నీళ్ళు పోయకండి.

కడియం నర్సరీలకు వెళ్తే పువ్వుల్లా ఉండే ఎచెవేరియాలు చూసి మనసాగదు. మా తీరంలో ఉక్కకి నా దగ్గర మాత్రం ఒక్కటీ వానాకాలం దాటలేదు. జేడ్, హవోర్తియా, పొట్టి సర్ప మొక్క (స్నేక్ ప్లాంట్) ఎంత నమ్మకమో చెప్పలేను. ఆకు మొదళ్ళలో తెల్ల దూదిలా కనిపిస్తే అది పిండినల్లి, తడి దూదితో వెంటనే తుడిచేయండి.

బేసిన్‌లో పచ్చదనం కావాలంటే, మా అమ్మమ్మ బొమ్మల కొలువులో పార్కు కోసం పళ్ళెంలో మట్టి పరిచి ఆవాలు, రాగులు చల్లేది, వారంలో పచ్చిక వచ్చేసేది. ఆ బావి, ఎడ్లబండి దాని పక్కన పెడితే ఎంత బాగుంటాయో.

ప్రశ్న అడిగినవారు

అయ్యో, రోజూ నీళ్ళు పోసి నేనే పాడుచేశానన్నమాట. ఇప్పుడే మొక్కలన్నీ బయటికి తీశాను. హవోర్తియా వేళ్ళు తెల్లగా గట్టిగా ఉన్నాయి. జేడ్ పైకొమ్మలు రెండు పచ్చగానే ఉన్నాయి, వెంటనే నాటేయొచ్చా?

జవాబు 1

వెంటనే వద్దు. కోసిన చోట లోపల గోధుమరంగు మచ్చ లేకుండా, తెల్లటి పచ్చిభాగం కనిపించేదాకా శుభ్రమైన కత్తితో కోయండి. నాలుగైదు రోజులు నీడలో పడుకోబెడితే కోత ఎండి పెచ్చు కడుతుంది, అప్పుడు పొడి ఇసుక మిశ్రమంలో గుచ్చి ఇంకో వారం నీళ్ళ జోలికి పోకండి. ఆకులు కాస్త ముడతపడతాయి, కంగారుపడి నీళ్ళు పోసేయకండి, వేళ్ళు వచ్చాక అవే నిండుకుంటాయి.