యాసను ఎక్కడ చర్చించాలి: పాత్రచిత్రణలోనా, కంఠస్వరంలోనా?
కావలిలో డిగ్రీ పిల్లలకు కథావిశ్లేషణ నేర్పడంలో ఒక సాయం కావాలి. ఒక కథ మీద 300 మాటలు రాయాలి. వస్తువు, సంఘర్షణ వరకు బాగానే రాస్తున్నారు. చిక్కంతా యాస దగ్గరే. కథకుడు పుస్తకభాషలో చెబుతూ, పాత్ర మాత్రం ‘యాడికి బోతుండావు?’ అంటే అది పాత్రచిత్రణ. కథకుడే పదేళ్ల పిల్లోడై ఆసాంతం నెల్లూరు యాసలో చెబితే కంఠస్వరం, అంటే కథ చెప్పే గొంతు. వాడికి అర్థంకానిది పాఠకుడికి అర్థమైపోతుందే, ఆ ఎడం దృష్టికోణం, అంటే కథను ఎవరి కళ్లతో చూస్తున్నామన్నది. పిల్లలేమో కంఠస్వరాన్నీ దృష్టికోణాన్నీ కలిపి ‘ఉత్తమ పురుష కథనం’ (‘నేను’ అంటూ చెప్పే కథ) అని తేల్చేస్తున్నారు. ఒక పేరాను ప్రథమ పురుషలోకి (‘నేను’ బదులు ‘వాడు’ అని) మార్చి, ఏం పోయిందో రాయమంటే, క్రియలు మార్చి ఊరుకుంటున్నారు. ఈ రెంటినీ విడదీసి చూపే అభ్యాసం ఇంకేదైనా ఉందా?