ఫ్లోరైడ్ మ్యాపుకు ఐడీడబ్ల్యూ చాలదా, క్రిగింగే కావాలా?

ఎమ్మెస్సీ_నల్లగొండ: మునుగోడు, మర్రిగూడ, చండూరు మండలాల బోరు నీళ్ల ఫ్లోరైడ్ లెక్కలతో ప్రాజెక్టు మ్యాపు వేస్తున్నా. మ్యాపులు వేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో ఐడీడబ్ల్యూ, అంటే బోర్ల మధ్య జాగల విలువను దూరాన్ని బట్టి అంచనా వేసే పద్ధతి, చిటికెలో అయిపోతుంది. మా గైడు మాత్రం, దూరంతో లెక్కలు ఎట్లా మారుతున్నాయో ముందు చూసి ఆ తర్వాత అంచనా వేసే క్రిగింగే చేయమంటున్నారు. అంత తిప్పలు దేనికి?

గులకరాయి: ఐడీడబ్ల్యూ చాలు తమ్ముడూ. 1968లో షెపర్డ్ చెప్పిన పద్ధతి. దగ్గరి బోరు మాటకు విలువ ఎక్కువ, దూరపు బోరుకు తక్కువ. క్రిగింగ్‌కైతే వేరియోగ్రామ్, అంటే దూరం పెరిగేకొద్దీ బోర్ల లెక్కల్లో తేడా ఎంత పెరుగుతుందో చూపే గీత, కుదరాలి. పాయింట్లు తక్కువుంటే ఆ గీతను ఎవరికి నచ్చినట్టు వాళ్లు వంచుతారు. పేరు గొప్ప, అంతే.

పగుళ్ల_గుట్ట: ఐడీడబ్ల్యూలో మాత్రం వంచుడు లేదా అన్నా? దూరానికి ఘాతం 2 అని సాఫ్ట్‌వేర్ పెట్టింది, మనం ఓకే కొట్టాం. ఫ్లోరైడ్ ఎక్కువున్న ప్రతి బోరు చుట్టూ గుండ్రటి ఎర్ర మచ్చ పడుతుంది. భూమిలో అట్లాంటి గుండ్రాలు ఎక్కడున్నాయి? పైగా బోర్లన్నీ ఊళ్ల దగ్గరే గుంపుగా ఉంటాయి. ఐడీడబ్ల్యూ ఆ గుంపులో ఒక్కోదాన్నీ విడిగా లెక్కేస్తుంది. క్రిగింగ్ అయితే పక్కపక్కన ఉన్నవాటి బరువు తగ్గిస్తుంది, అంచనా ఎక్కడ బలహీనమో కూడా చెబుతుంది.

అసలు చిక్కు వేరే. మనది గ్రానైట్ నేల. నీళ్లు రాతి పగుళ్లలో ఉంటాయి, బయోటైట్, ఫ్లోరైట్ లాంటి ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ దిగుతుంది. ఒకే చెలకలో రెండు బోర్లు వేరే పగుళ్లకు తగిలితే లెక్కలు కలవవు. అప్పుడు నగ్గెట్ (పక్కపక్క బోర్ల మధ్యే కనిపించే తేడా) బాగా పెరుగుతుంది, క్రిగింగ్ కూడా అంతా సగటు వైపు చదును చేస్తుంది. మనకు కావలసిన ఎక్కువ విలువలే అందులో మాయమవుతాయి.

గులకరాయి: మరి నా మాటే నెగ్గిందిగా!

పగుళ్ల_గుట్ట: నెగ్గలేదన్నా. మిల్లీగ్రాముల మ్యాపే వద్దంటున్నా. తాగునీటి హద్దు, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, దాటే అవకాశం ఎంతో ఇండికేటర్ క్రిగింగ్‌తో చూపాలి. ఒక్కో బోరును పక్కకు తీసి, మిగతావాటితో దాన్ని అంచనా వేసి రెండు పద్ధతులనూ పోల్చుకో తమ్ముడూ. ఏది నయమో నీ లెక్కలే చెబుతాయి.

చెలక_రైతు: ఇంటికి భగీరథ నీళ్లొస్తాయి సార్, చెలకాడ మాత్రం బోరు నీళ్లే తాగుతాం. మీ మ్యాపులో మా జాగ పచ్చగా ఉందని పరీక్ష ఎగ్గొడితే?

పగుళ్ల_గుట్ట: అందుకే పరీక్షించిన బోర్లను చుక్కలుగా పైన చూపాలి. చుక్క లేనంత మేర రంగే వేయొద్దు.

ఎమ్మెస్సీ_నల్లగొండ: నా దగ్గర ఎండాకాలం, వానల తర్వాతి లెక్కలు కలిసిపోయి ఉన్నాయి. విడదీస్తే పాయింట్లు తగ్గుతాయి.

పగుళ్ల_గుట్ట: తగ్గనీ, విడదీయి. కలిపితే నీ వేరియోగ్రామ్‌లో కనిపించే తేడా దూరానిదో, కాలానిదో తేలదు.