ఐస్ (అమెరికా ఇమిగ్రేషన్ పోలీసు విభాగం) అధికారులు వస్తే బడి తలుపు తీయాలా, వద్దా? (టెక్సస్ పేరెంట్స్ చెప్పండి)

డాలస్ రాజు:
మా పిల్లల స్కూల్ నుంచి మెయిల్ వచ్చింది. ఇమిగ్రేషన్ వాళ్లు వస్తే జడ్జి సంతకం ఉన్న వారంట్ చూపిస్తేనే లోపలికి రానిస్తారట, పిల్లల వివరాలు ఊరికే ఇవ్వరట. నాకు మింగుడు పడలేదు. మనం హెచ్-1బీ వీసా లాటరీలు, ఆర్ఎఫ్ఈలు (ఇంకా ఆధారాలు పంపమనే నోటీసులు), వీసా స్టాంపింగులు అంటూ నానా తిప్పలు పడి చట్టప్రకారం ఉంటున్నాం, ప్రాపర్టీ ట్యాక్స్ చూస్తే గుండె గుభేల్మంటోంది. కాగితాల్లేకుండా వచ్చినవాళ్లకి మన డబ్బుతో స్కూలు కాపలా కాయడమేంటి? పిల్లల మీద కోపం లేదు, పద్ధతి గురించే అడుగుతున్నా.

స్వాతి_ఇర్వింగ్:
రాజు గారూ, ఇది స్కూలు సొంత పైత్యం కాదండి, మూలం మన టెక్సస్‌లోనే ఉంది. 1975లో ఇక్కడి చట్టసభ కాగితాల్లేని పిల్లల చదువుకి నిధులు ఆపేసింది, టైలర్ ఊళ్లో తలకి ఏడాదికి 1000 డాలర్ల ఫీజు పెట్టారు. చివరికి 1982లో ప్లైలర్ వర్సెస్ డో కేసులో సుప్రీంకోర్టు 5-4తో ఆ చట్టాన్ని కొట్టేసింది, తల్లిదండ్రులు చేసినదానికి పిల్లల్ని బడి బయట నిలబెట్టడం కుదరదని. ఒక్క ఓటు తేడా అంతే. 2022లో గవర్నర్ అబ్బాట్ ఆ తీర్పుని మళ్లీ తిరగదోడాలన్నాడు కూడా.

ఓరుగల్లు పిల్లోడు:
అక్కా, వారంట్ అంటే వారంటే కదా? జడ్జిది, ఐస్‌ది అని తేడా ఏంటి?

స్వాతి_ఇర్వింగ్:
చాలా తేడా ఉంది తమ్ముడూ. ఐస్ వాళ్లు మామూలుగా తెచ్చేది ఐ-200 ఫారం, దానిమీద వాళ్ల శాఖ అధికారే సంతకం పెడతాడు. దాంతో మనిషిని రోడ్డు మీద పట్టుకోవచ్చు గానీ, ఎవరూ ఒప్పుకోకుండా క్లాస్‌రూమ్‌లోకి నడిచి వెళ్లలేరు. అందుకే ఫ్రంట్ ఆఫీసులో కూర్చునే ఆవిడ చేయాల్సిన పని ఒక్కటే, ఐడీ కాపీ తీసుకుని, కాగితం మీద కోర్టు పేరుందో లేదో చూసి, 'కాస్త ఆగండి' అని స్కూల్ డిస్ట్రిక్ట్ లాయర్‌కి ఫోన్ కొట్టడం. దీన్ని అడ్డుపడటం అనరు. 2025 జనవరిలో స్కూళ్లు, చర్చిలు, ఆస్పత్రుల దగ్గర సంయమనం పాటించాలన్న పాత ఆదేశాన్ని తీసేశారు, అప్పటినుంచే ఈ టెన్షన్. ఏప్రిల్‌లో లాస్ ఏంజెలెస్‌లో రెండు ఎలిమెంటరీ స్కూళ్లకి ఫెడరల్ ఏజెంట్లు వచ్చి, పిల్లల క్షేమం కనుక్కోవడానికే వచ్చామన్నారు, ప్రిన్సిపాళ్లు లోపలికి రానివ్వలేదు.

డాలస్ రాజు:
సరేనండి, కోర్టు చెప్పింది కాబట్టి చదువు చెప్పాలి, ఒప్పుకుంటా. కానీ నమోదు చేసేటప్పుడు ఇమిగ్రేషన్ స్టేటస్ అడిగితే తప్పేంటి? లెక్కయినా తేలుతుంది కదా. మనకి దాచుకోవడానికేం లేదు.

శ్రీను_ఆస్టిన్:
రాజన్నా, ఇక్కడే నువ్వు పప్పులో కాలేశావ్. అడిగితే అందర్నీ అడుగుతారు, ముందు అడిగేది మన రంగు చూసే. మీ పిల్లలు హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) అయితే ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్) ఉండదు కదా, స్కూలు వాళ్లే వేరే స్టేట్ నంబర్ ఇచ్చి చేర్చుకున్నారు, గుర్తుందా? రేపు ఐ-94 (ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పే రికార్డు) తేదీ దాటిపోయి, ఎక్స్‌టెన్షన్ రిసీట్ ఒక్కటే చేతిలో ఉన్నప్పుడు, అది చెల్లుతుందని ఆ క్లర్క్‌కి ఎవరు నచ్చజెప్తారు? మన లాయర్‌కే ఒక్కోసారి అర్థం కాదు. పైగా టెక్సస్‌లో స్కూలుకి నిధులొచ్చేది పిల్లలు రోజూ బడికి వచ్చే సగటు మీద. భయంతో సగం క్లాసు ఇంట్లో కూర్చుంటే నష్టపోయేది మీ వాడి సైన్స్ టీచరు కూడా.

డాలస్ రాజు:
రంగు మాట అనవసరం బ్రో. పద్ధతిగా లైన్లో నిలబడినవాడికీ, నిలబడనివాడికీ తేడా ఉండాలనే నా వాదన, అది మారదు. చట్టం నచ్చకపోతే కాంగ్రెస్ మార్చాలి, స్కూలు బోర్డు కాదు.

స్వాతి_ఇర్వింగ్:
అదేగా నేనూ అంటున్నది, బోర్డు ఏం మార్చలేదు. అయితే స్కూలు గేటు లోపలే ఈ రక్షణంతా, బస్ స్టాప్ దగ్గర స్కూలు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు, ఆ విషయం మెయిల్‌లో రాయరు. ఇంకోటి, ఫెర్పా అనే విద్యార్థుల గోప్యత చట్టం మార్కుల్ని, రికార్డుల్ని కాపాడుతుంది గానీ పేరు, అడ్రస్, ఫోన్ లాంటివి 'డైరెక్టరీ' వివరాలుగా బయటికి ఇవ్వనిస్తుంది, మనం వద్దని రాసిస్తే తప్ప. ఆ ఫారం ఏడాది మొదట్లో వచ్చే కాగితాల కట్టలో ఉంటుంది. ఎంతమంది చదివారు?

ఓరుగల్లు పిల్లోడు:
నేనైతే సంతకం గీకేసి ఇచ్చేశా అక్కా 😅 ఇప్పుడు మార్చుకోవచ్చా?

స్వాతి_ఇర్వింగ్:
రేపే ఆఫీసుకి మెయిల్ పెట్టి అడుగు. పనిలో పనిగా ఎమర్జెన్సీ కాంటాక్టులో ఇద్దరి పేర్లు ఇవ్వు, మీ ఆవిడ కాకుండా.