కాకతీయుల సంతలో ఎండుమిర్చి: బొమ్మ దిద్దించాలా, వదిలేయాలా?

హనుమకొండ మాస్టారు:
మా దగ్గరి చిత్రకారుడొకాయన కాకతీయుల చరిత్రను చెరియాల నకాషి పటంగా, అంటే పొడవాటి గుడ్డ మీద గడులు గడులుగా బొమ్మల కథలా, గీశారు. ఖద్దరు గుడ్డ, గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు, అంతా పాత పద్ధతే. పిల్లలకు చూపిద్దామని బడికి తెప్పించాం. అందులో ఓరుగల్లు సంత బొమ్మ ఉన్న గడి దగ్గర నా చూపు ఆగిపోయింది. గంప ముందు పెట్టుకుని కూర్చున్న ఒక ముసలామె, ఆమె ముందు ఎర్రగా ఎండుమిర్చి కుప్ప! మిరప అమెరికా ఖండం పంట. వాస్కో డ గామా కాలికట్‌లో దిగిందే 1498లో, పోర్చుగీసువాళ్లు మిరపను తెచ్చింది ఆ తర్వాత. కాకతీయ రాజ్యం 1323లోనే పడిపోయింది. దిద్దమని ఆయన్ని అడగాలంటాను నేను. తోటి టీచర్లు వద్దంటున్నారు. మీరేమంటారు?

పటంకథ:
వద్దనే అంటా సార్. నకాషి పటం పుట్టింది పాఠం చెప్పనీకి కాదు, కథ చెప్పనీకి. కూనపులోళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్తరు, డక్కలోళ్లు మాదిగోళ్లకు జాంబపురాణం చెప్తరు. ఎవరి పటంల వాళ్ల బతుకే కనపడ్తది. దేవుడు గూడ మన ఊరి మనిషి లెక్కనే పంచె కడ్తడు. మా ఇంట్ల మగ్గం ఉండె. పటంల పద్మశాలీల మూలపురుషుడు భావనారుషి మగ్గం చూసి మా నాయనమ్మ "గిది మనదే" అనేది. ఇయ్యాల వరంగల్ సంత అంటే ఎనుమాముల మార్కెట్, ఎనుమాముల అంటే మిర్చి. ఆయన కండ్లతోని చూసిందే గీసిండు. అది తప్పంటే పటం పద్ధతే తప్పయితది.

కోటగోడ:
అన్నా, కులపురాణం పటం వేరు, చరిత్ర అని పేరు పెట్టి బడికి పంపే పటం వేరు. నేనూ ఆ పటం చూశాను. నాకు మిర్చికన్నా రుద్రమ బొమ్మే ఎక్కువ బాధనిపించింది. పట్టుచీర, పూలజడ, మోచేతిదాకా గాజులు. శాసనాల్లో ఆమె రుద్రదేవ మహారాజు. వరంగల్ దగ్గరి బొల్లికుంటలో 2017లో వెలుగులోకి వచ్చిన శిల్పాన్ని రుద్రమదేనని పురావస్తు శాఖవాళ్లు గుర్తించారు. గుర్రం మీద ఉంది, చేత కత్తి, తలపైన గొడుగు, నడుముకు పట్టీ. తలపైన గొడుగు ఉండే హక్కు రాజుది. ఆ కాలం శిల్పి రాతిలో రాజుగా చెక్కిన మనిషిని మనం గుడ్డ మీద పెళ్లికూతుర్ని చేస్తామా?

కృష్ణాతీరం:
కోటగోడ గారి ఆవేదన అర్థమైంది. కానీ అక్షరంలో ఉన్నదంతా నిజం, బొమ్మలో ఉన్నదంతా ఊహ అనుకోకండి. మా మోటుపల్లి రేవు గురించి రాసిన మార్కోపోలో రుద్రమ న్యాయపాలనను మెచ్చుకున్నాడు, ఆ నోటితోనే ఆమెను చనిపోయిన రాజుగారి భార్య అనేశాడు. ఆమె గణపతిదేవుడి కూతురు. చందుపట్ల శాసనం దొరికాక గాని ఆమె 1289లో కన్నుమూసిందని మనకు తేలలేదు. ముఖం ఎలా ఉండేదో ఏ రాయీ చెప్పదు, అది చిత్రకారుడు ఊహించుకోవాల్సిందే. గొడుగూ గుర్రమూ అలా కాదుగా, కళ్లముందున్నాయి. అవి వదిలేయడం నాకూ నచ్చలేదు.
మిర్చికి మాత్రం దారి ఉంది మాస్టారూ. సముద్ర వర్తకులకు అభయమిచ్చిన 1244 నాటి మోటుపల్లి అభయ శాసనంలో గణపతిదేవుడు సుంకాలు నిర్ణయించిన సరుకుల్లో మిరియాలు ఉన్నాయి. ఆ కుప్పను మిరియాలు చేయమనండి.

హనుమకొండ మాస్టారు:
నిన్న సాయంత్రం ఆయన దగ్గరికి వెళ్లాను. మిరియాల సంగతి చెప్పగానే నవ్వి కుంచె తీశారు. ఎరుపు మీద నలుపు ఎక్కించడం తేలికేనట, ఎలాగూ చివర్లో గీసేవి నల్ల గీతలే. "ఆ ముసలామెను మాత్రం కదపను సార్, ఆమె మా అమ్మ" అన్నారు. నేను ఇంకేం మాట్లాడలేదు. పటంకథ గారూ, మీ నాయనమ్మ మాట అప్పుడు గుర్తొచ్చింది.

పటంకథ:
అమ్మ ఉంటే చాలు సార్. మిరియాలకు నేను అడ్డం రాను. రుద్రమ సంగతేమన్నడు?

హనుమకొండ మాస్టారు:
చీర తీసేయడానికి ఇంకా మనసు ఒప్పుకోవడం లేదు ఆయనకి. రాణి అని జనం గుర్తుపట్టరేమోనని భయం. బొల్లికుంట శిల్పాన్ని ఆయన ఇంతవరకు చూడలేదట. కోటగోడ గారూ, మీరు ఈసారి అటు వెళ్లేటప్పుడు ఒక్క మాట చెప్పండి, తానూ వస్తానంటున్నారు.